వాషింగ్టన్ స్పై మ్యూజియం: ఏ వస్తువు దగ్గర ఎంతసేపు ఆగాలి?

శరత్_వి

ఇంటర్నేషనల్ స్పై మ్యూజియం గురించి ఇక్కడ అప్పుడొకటి ఇప్పుడొకటి ప్రశ్నలు వచ్చాయి గానీ, తీరిగ్గా మాట్లాడుకున్న చర్చ కనిపించలేదు. ఈమధ్యే చూసొచ్చాను కాబట్టి నేనే మొదలుపెడుతున్నా.

ముందుగా తెలియాల్సినవి. ఉచితంగా చూడనిచ్చే స్మిత్‌సోనియన్ మ్యూజియంల్లో ఇది ఒకటి కాదు, టికెట్ కొనాలి. 2002లో ఎఫ్ స్ట్రీట్‌లో మొదలైంది, 2019 మేలో లాన్‌ఫాంట్ ప్లాజాలోని కొత్త భవనానికి మారింది. పాత చోట చూసినవాళ్లు మళ్లీ వెళ్లినా దండగ కాదు. కీత్ మెల్టన్ అనే సేకరణకర్త తన దగ్గరున్న వేల వస్తువులను ఇచ్చేయడంతో కొత్త భవనం బాగా నిండింది. లిఫ్ట్‌లో పైకి తీసుకెళ్తారు, అక్కణ్ణుంచి కిందికి దిగుతూ చూడాలి. లోపలికి వెళ్లగానే మీకొక మారుపేరు, ఒక కల్పిత వృత్తి ఇచ్చి మెళ్లో బ్యాడ్జి వేస్తారు. దారిపొడవునా తెరల దగ్గర ఆ బ్యాడ్జి చూపించి చిన్న చిన్న పనులు పూర్తిచేస్తూ పోవచ్చు.

ఇక వస్తువులు. 1960లలో సోవియట్ గూఢచార సంస్థ కేజీబీ తయారుచేయించిన లిప్‌స్టిక్ పిస్తోలు ఉంది, 4.5 మిల్లీమీటర్ల తూటా ఒక్కటే పడుతుంది. మడమలో ట్రాన్స్‌మిటర్ దాచిన బూటు ఉంది. 1940లో మెక్సికో సిటీలో రష్యన్ విప్లవ నాయకుడు ట్రాట్‌స్కీ ప్రాణం తీసిన మంచుగొడ్డలి ఉంది. కోటు కింద దాచుకోవడానికి వీలుగా హంతకుడు రామోన్ మెర్కాదెర్ దాని పిడిని కురచగా కోయించుకున్నాడు. దాని ముందు నిలబడితే అది ఎంత మామూలు పనిముట్టో అర్థమై ఒళ్లు జలదరిస్తుంది.

నన్ను ఇప్పటికీ వదలనిది మాత్రం ఒక పోస్టు డబ్బా. వాషింగ్టన్‌లో 37వ వీధి, ఆర్ వీధి కలిసే మూలన ఉండేది. సీఐఏ ఉద్యోగి ఆల్డ్రిచ్ ఏమ్స్ దాని మీద సుద్దముక్కతో గీత గీసి సోవియట్ వాళ్లకు సైగ పంపేవాడు. లిప్‌స్టిక్ పిస్తోలు దగ్గర జనం ఒకళ్ల మీద ఒకళ్లు పడి ఫొటోలు తీసుకుంటున్నారు. డబ్బా దగ్గరికి వచ్చినవాళ్లు పక్కనున్న పలక కూడా చదవకుండా దాటిపోతున్నారు. ఏమ్స్ ద్రోహం వల్ల కనీసం పదిమంది మరణశిక్షకు గురయ్యారు. పిస్తోలుతో ఎవరైనా చనిపోయారో లేదో నాకైతే ఆ పలకలో కనబడలేదు. వెళ్లినవాళ్లు మీరెక్కడ ఆగారో, ఎందుకాగారో చెప్పండి.

నీలిమ_పి

శరత్ గారూ, చక్కగా రాశారు. మాకు ఇద్దరు పిల్లలు, ఒకరికి పదకొండు, ఒకరికి ఆరు. చిన్నదానికి ఈ హత్యలూ గొడ్డళ్లూ చూపించడం మంచిదేనా? అసలు ఎంతసేపు పడుతుంది?

శరత్_వి

పెద్దబాబుకి బ్రహ్మాండంగా ఉంటుందండీ. మారువేషం, రహస్యలిపి, ఎవరు వెంబడిస్తున్నారో కనిపెట్టడం లాంటివన్నీ వాడి వయసుకి సరిగ్గా సరిపోతాయి. ఆరేళ్ల పాపకు చదవాల్సిన రాత ఎక్కువైపోయి విసుగొస్తుంది. చిత్రహింసల గురించిన భాగం ఒకటుంది, అక్కడ మాత్రం ఒకరు పాపను తీసుకుని ముందుకు నడిచేయండి. ఒక పూట మొత్తం పెట్టుకోండి. రెండు గంటల్లో తేలుద్దామనుకుంటే సగం వదిలేయాల్సి వస్తుంది.

మీటనొక్కు

నేను పనిచేసేది డేటా భద్రతలో, అందుకని నా కాళ్లు ఎనిగ్మా దగ్గరే ఆగిపోయాయి. రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్లు సందేశాలను రహస్యలిపిలోకి మార్చడానికి వాడిన యంత్రం అది. చాలామంది దాన్ని పాత టైప్‌రైటర్ అనుకుని వెళ్లిపోతారు కాబట్టి, ఏం చూడాలో చెప్తాను.

మీటల వెనకాల అవే అక్షరాలతో చిన్న దీపాల వరస ఉంటుంది. ఒక మీట నొక్కితే ముందు కుడివైపు చక్రం ఒక పన్ను జరుగుతుంది, తర్వాత కరెంటు మూడు చక్రాల గుండా వెళ్లి, చివర వెనక్కి తిరిగి, వేరే దారిలో వచ్చి ఒక దీపాన్ని వెలిగిస్తుంది. ‘ఎ’ మీటే పదిసార్లు నొక్కినా పదిసార్లూ వేరే దారే. ముందువైపు కింద తీగలు గుచ్చే పలక ఉంటుంది, అక్షరాలను జతలు జతలుగా మార్చేది. జర్మన్ సైన్యం వాడిన పద్ధతిలో అయిదు చక్రాల నుంచి మూడు ఎంచుకుని, పది తీగలు గుచ్చితే వచ్చే అమరికలు 158,962,555,217,826,360,000. అంత సంఖ్య చూసి జర్మన్లు గుండెల మీద చెయ్యేసుకుని నిద్రపోయారు.

అయితే కరెంటు వెనక్కి తిరిగే ఆ అమరిక వల్లనే ఒక లోపం వచ్చింది. ఏ అక్షరమూ తన అక్షరంగానే బయటికి రాదు. ‘ఎ’ నొక్కితే ‘ఎ’ దీపం ఎప్పటికీ వెలగదు. సందేశంలో ఫలానా మాట ఉండి తీరుతుందని, ఉదాహరణకు వాతావరణ నివేదికలో ‘వాతావరణం’ అన్న మాట ఉంటుందని ఊహించగలిగితే, ఆ మాటను రహస్యలిపి కింద జరుపుతూ పోవచ్చు. ఎక్కడైనా ఒక్క అక్షరం ఒకదాని కింద ఒకటి కలిసిందా, ఆ చోటు కాదని కొట్టేయొచ్చు. రహస్యలిపులు ఛేదించే బ్రిటిష్ కేంద్రం బ్లెచ్లీ పార్క్‌లో, గణితవేత్తలు ట్యూరింగ్, వెల్చ్‌మన్‌లు ఎనిగ్మా అమరికను వెతకడానికి రూపొందించిన ‘బాంబ్’ అనే యంత్రం నడిచింది ఇలాంటి ఊహల ఆధారంగానే.

ఇంకో సంగతి. అందరూ ట్యూరింగ్ దగ్గరే మొదలుపెడతారు. అతనికంటే ముందు 1932 డిసెంబరులో పోలండ్ గణితవేత్త మారియన్ రెయెవ్‌స్కీ సైనిక ఎనిగ్మా లోపలి తీగల అమరికను కేవలం గణితంతో, ఫ్రెంచివాళ్ల ద్వారా అందిన కొన్ని పత్రాల సాయంతో బయటపెట్టాడు. రుజిట్‌స్కీ, జిగాల్‌స్కీ అతని సహచరులు. యుద్ధానికి కొన్ని వారాల ముందు, 1939 జులైలో, పోలండ్ వాళ్లు తమకు తెలిసిందంతా బ్రిటిష్, ఫ్రెంచి వాళ్లకు అప్పగించేశారు. సొంత దేశం మునిగిపోబోతుండగా చేసిన పని అది. ఎనిగ్మా చూసినప్పుడు ఆ ముగ్గురినీ తలుచుకోకుండా రాకండి.

చరిత్ర_మేష్టారు

మీటనొక్కు గారి వివరణ మా విద్యార్థులకు చదివి వినిపిస్తాను, అంత స్పష్టంగా ఉంది.

నేను ఎక్కువసేపు గడిపింది సమాచారాన్ని బేరీజు వేసే భాగంలో. దొంగిలించిన రహస్యం చేతికొచ్చాక అది నిజమా, ఎర వేశారా అని తేల్చడం ఎలా? ఆ గదిలో నాకు కౌటిల్యుడు గుర్తొచ్చాడు. అర్థశాస్త్రం మొదటి అధికరణంలో గూఢచారులను తొమ్మిది రకాలుగా విడదీశాడు. ఒకచోట స్థిరంగా ఉండేవాళ్లు అయిదు రకాలు: కపట శిష్యుడు, సన్యాసం వదిలినవాడు, గృహస్థు, వర్తకుడు, తాపసి. తిరుగుతూ పనిచేసేవాళ్లు నాలుగు రకాలు, వాళ్లలో భిక్షుకి కూడా ఉంది. వీళ్లు ఒకరికొకరు తెలియకూడదు. ముగ్గురి మాట ఒకటైతేనే నమ్మాలి. పదేపదే మాట తప్పుతున్న చారుణ్ణి గుట్టుగా శిక్షించాలి లేదా తొలగించాలి. ఇప్పటి నిఘా సంస్థలు వేర్వేరు మార్గాల్లో ధ్రువీకరించుకోవడం అంటున్నది ఈ ముగ్గురి సూత్రాన్నే.

మన చరిత్ర నుంచి ఇంకొకరు: నైన్ సింగ్ రావత్. టిబెట్‌లోకి తెల్లవాళ్లను రానివ్వని రోజుల్లో సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన మాంట్‌గొమరీ, కుమావూ ప్రాంతపు బడిపంతులైన ఇతన్ని శిక్షణ ఇచ్చి పంపాడు. 1865లో బయల్దేరి, యాత్రికుడి వేషంలో 1866 జనవరికి లాసా చేరాడు. అడుగు ఎప్పుడూ ఒకే కొలతలో పడేలా సాధన చేశాడు, మైలు నడవడానికి అతను వేసే అడుగులు సుమారు రెండు వేలు. జపమాలలో 108 పూసలకు బదులు 100 పూసలు, నూరడుగులకు ఒక పూస జరపడం. ప్రార్థనా చక్రంలో మంత్రం కాగితానికి బదులు కొలతల చీటీలు. నీళ్లు మరిగే వేడిని బట్టి ఎత్తు లెక్కగట్టడానికి థర్మామీటరును చేతికర్రలో దాచుకున్నాడు. దారిలో ఎవరు తనిఖీ చేసినా భక్తుడి చేతిలో పూసలే కనబడతాయి. 1877లో రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ బంగారు పతకం ఇచ్చింది. మడమ ట్రాన్స్‌మిటర్ కంటే ఆ జపమాల నాకు గొప్పగా తోస్తుంది, అందులో యంత్రం లేదు, మనిషి క్రమశిక్షణ ఒక్కటే ఉంది.

రవికిరణ్_ఎం

అందరూ మెచ్చుకుంటున్న చోట నేనొక అభ్యంతరం చెప్తాను, ఏమీ అనుకోకండి.

ఈ మ్యూజియం తొలి డైరెక్టర్ పీటర్ ఎర్నెస్ట్ దశాబ్దాలపాటు సీఐఏలో పనిచేసినవాడు. ఆ సంస్థవాళ్లకు అక్కడ ఎప్పుడూ పలుకుబడి ఉంది. అది తప్పని అనను గానీ, ఎవరి నోటితో కథ వింటున్నామో గుర్తుంచుకోవాలి. శరత్ గారు చిన్న పిల్లల కోసం దాటేయమన్న చిత్రహింసల భాగాన్నే తీసుకోండి. మనిషిని పలక మీద పడుకోబెట్టి ముఖం మీద గుడ్డ కప్పి నీళ్లు పోసే పద్ధతిని, దాని సామగ్రితో సహా పెట్టారు. సమర్థించేవాళ్ల మాటా వ్యతిరేకించేవాళ్ల మాటా పక్కపక్కనే పెట్టి, మీరే తేల్చుకోండి అన్న తీరులో కొత్త భవనం తెరిచినప్పుడు చూపించారు. దాని మీద గట్టి విమర్శలే వచ్చాయి. సెనేట్ ఇంటెలిజెన్స్ కమిటీ 2014 డిసెంబరులో బయటపెట్టిన నివేదిక సారాంశం, సమాచారం రాబట్టడానికి ఆ పద్ధతులు సరైన మార్గం కాదనే తేల్చింది. విచారణ జరిగి తేలిన విషయాన్ని చెరిసగం అభిప్రాయంలా పెట్టడం న్యాయం కాదు.

అందుకే పిల్లలిద్దర్నీ దాటించేయడం నాకు నచ్చదు. ఆరేళ్ల పాపను దాటించండి, పదకొండేళ్లవాడితో మాత్రం ఆ గదిలో నిలబడి మాట్లాడండి.

నీలిమ_పి

రవికిరణ్ గారు చెప్పింది ఆలోచించాల్సిందే. మావాడు ప్రశ్నలు అడిగే రకం. వెళ్లేలోపు ఆ నివేదిక గురించి నేను కాస్త చదువుకుని పెట్టుకుంటాను, వాడడిగితే తడబడకుండా చెప్పాలి కదా.

బెర్లిన్_బాటసారి

రవికిరణ్ గారి మాటకు నా వంతు చేర్పు. గూఢచర్యాన్ని ఎవరి వైపు నుంచి చూపిస్తున్నారన్నది తెలియాలంటే వాషింగ్టన్ చూశాక ఎప్పటికైనా బెర్లిన్ వెళ్లాలి. అక్కడ లైప్‌జిగర్ ప్లాట్జ్ దగ్గర వాషింగ్టన్ తరహాలోనే ఒక గూఢచర్య మ్యూజియం 2015 నుంచి ఉంది. నేను చెప్పేది దాని గురించి కాదు, నోర్మానెన్ వీధిలోని స్టాసీ మ్యూజియం గురించి. స్టాసీ అంటే ఒకప్పటి తూర్పు జర్మనీ రహస్య పోలీసు సంస్థ.

అది స్టాసీ అసలు ప్రధాన కార్యాలయమే. 1990 జనవరి 15న జనం లోపలికి చొరబడ్డారు, ఆ ఏడాదే మ్యూజియంగా తెరిచారు. స్టాసీని నడిపిన మంత్రి ఎరిక్ మీల్కె గది, ఆయన బల్ల, టెలిఫోన్లు అలాగే ఉన్నాయి. గొప్ప హంగేమీ ఉండదు, పాతకాలపు సర్కారు ఆఫీసు అంతే. 1989 నాటికి స్టాసీలో పూర్తికాల ఉద్యోగులు దాదాపు 91,000 మంది, గుట్టుగా సమాచారం చేరవేసే పౌరులు దాదాపు 189,000 మంది. దేశ జనాభా కోటీ అరవై లక్షల పైచిలుకు. వాళ్లు పోగేసిన ఫైళ్లను వరసగా నిలబెడితే వంద కిలోమీటర్లు దాటుతాయి.

స్టాసీ వస్తువుల్లో నేను మరిచిపోలేనిది ఒక గాజు సీసా. అనుమానితుణ్ణి పిలిపించి కుర్చీలో కూర్చోబెడతారు. ఆ కుర్చీ మీద ముందే ఒక పసుప్పచ్చ గుడ్డ పరిచి ఉంటుంది. మనిషి వెళ్లిపోయాక ఆ గుడ్డను తీసి సీసాలో పెట్టి మూత బిగించి, పేరు రాసి అరలో పెడతారు. రేపెప్పుడైనా ప్రభుత్వ వ్యతిరేక కరపత్రం దొరికితే కుక్కకు ఆ వాసన చూపించి పోల్చడానికి. ఇలాంటి సీసాలను లైప్‌జిగ్‌లోని స్టాసీ మ్యూజియంలో చూడొచ్చు. కూర్చుని లేచి వెళ్లినవాడికి తన వాసన ఒక అరలో చేరిందని తెలియనే తెలియదు.

1992 నుంచి తమ ఫైలు తాము చదువుకునే హక్కు జనానికి వచ్చింది. తన మీద సమాచారం ఇచ్చింది తోటి ఉద్యోగి, స్నేహితుడు, కొందరి విషయంలో కట్టుకున్నవాళ్లే అని తెలుసుకున్నవాళ్లున్నారు. వాషింగ్టన్‌లో మనం గూఢచారి వేషం వేసుకుని బ్యాడ్జితో తిరుగుతాం. ఇక్కడ నిఘాకు గురైనవాడి పక్కన నిలబడతాం.

లలిత_కె

బాటసారి గారూ, ఆ సీసా సంగతి చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను.

నాకు తోచినది నూర్ ఇనాయత్ ఖాన్ గురించి. రెండో ప్రపంచయుద్ధం భాగంలో, సూట్‌కేసులో అమర్చిన రేడియోలు కనబడితే ఆవిడ పేరు తలుచుకోండి. తండ్రి సూఫీ సంగీతకారుడు, టిప్పు సుల్తాన్ వంశస్థుల కుటుంబం. నూర్ మాస్కోలో పుట్టి పారిస్‌లో పెరిగింది, పిల్లల కథలు రాసేది. జర్మన్లు ఫ్రాన్స్‌ను ఆక్రమించాక ఇంగ్లండ్ చేరి, బ్రిటిష్ రహస్య సంస్థ ఎస్‌ఓఈలో రేడియో ఆపరేటర్ అయింది. 1943 జూన్‌లో రాత్రివేళ చిన్న విమానంలో ఫ్రాన్స్‌లో దిగింది.

ఆ సూట్‌కేస్ రేడియోలు దాదాపు 15 కిలోల బరువు. ఏరియల్ తీగ పొడుగ్గా చెట్టుకో కిటికీకో కట్టాలి. ఎక్కువసేపు ప్రసారం చేస్తే జర్మన్ల దిశాసూచక వ్యాన్లు వీధిని పసిగట్టేస్తాయి, కాబట్టి పంపిన వెంటనే మూటకట్టి ఇంకో చోటికి మారిపోవాలి. ఆవిడ దిగిన కొద్ది రోజుల్లోనే పారిస్‌లో ఎస్‌ఓఈకి ఉన్న ప్రాస్పర్ అనే రహస్య బృందం పట్టుబడింది. వెనక్కి వచ్చేయమంటే రానంది. అక్టోబరులో పట్టుబడేదాకా ఇళ్లు మారుతూ లండన్‌తో సంబంధం తెగనివ్వలేదు. నాజీ రహస్య పోలీసులైన గెస్టపో చేతిలో ఉండి తప్పించుకోబోయి దొరికిపోయింది. పేర్లు మాత్రం చెప్పలేదు. నెలలపాటు సంకెళ్లతో ఉంచి, 1944 సెప్టెంబరు 13న డాహౌ నిర్బంధ శిబిరంలో కాల్చేశారు. 1949లో బ్రిటన్ సాహస పతకం జార్జ్ క్రాస్ ఇచ్చారు.

ఇక్కడితో ఆపితే వీరగాథ అవుతుంది. మిగతాది కూడా చెప్పాలి. ఆవిడ పంపిన సందేశాలను ఒక నోటుపుస్తకంలో రాసి ఉంచింది, అది జర్మన్ల చేతికి చిక్కింది. వాళ్లు ఆవిడ పేరుతో లండన్‌కు దొంగ సందేశాలు పంపారు. లండన్‌లోని అధికారులు అనుమానించాల్సిన గుర్తులను పట్టించుకోకుండా ఇంకొందరు ఏజెంట్లను పంపారు, వాళ్లు దిగీ దిగగానే దొరికిపోయారు. పతకం ఇచ్చేటప్పుడు ఈ పై అధికారుల అలసత్వం గురించి ఎవరూ మాట్లాడరు. ఆవిడ ధైర్యం ఎంత నిజమో అదీ అంతే నిజం.

మీటనొక్కు

లలిత గారూ, అనుమానించాల్సిన చోట అనుమానించని ఇదే జబ్బు మాస్కోలో అమెరికా రాయబారి ఇంట్లోనూ కనిపిస్తుంది. 1945లో సోవియట్ బాలల సంఘం హారిమన్ అనే అమెరికా రాయబారికి కర్రతో చెక్కిన అమెరికా రాజముద్రను బహూకరించింది. దాన్ని రాయబారి చదువుకునే గదిలో తగిలించుకున్నారు. 1952 దాకా అది గోడ మీదే ఉంది. లోపల చిన్న గుల్ల, దానికో పల్చటి పొర, ఒక ఏరియల్ కడ్డీ. బ్యాటరీ లేదు, తీగల్లేవు. బయట నుంచి రేడియో తరంగం దాని మీదికి పంపితే, గదిలో మాటలకు పొర అదిరినట్టల్లా తిరిగివచ్చే తరంగం మారుతుంది. తరంగం ఆపితే అది ఉత్త చెక్కముక్క, అందుకే తనిఖీల్లో దొరకలేదు. తయారుచేసింది లెవ్ తెర్మెన్, చేత్తో తాకకుండా వాయించే సంగీత వాద్యాన్ని కనిపెట్టినవాడు. అప్పుడు అతను సోవియట్ జైలు ప్రయోగశాలలో ఖైదీ.

దాని నమూనా మేరీలాండ్‌లోని నేషనల్ క్రిప్టాలజిక్ మ్యూజియంలో ఉంది. అమెరికా నిఘా సంస్థ ఎన్‌ఎస్‌ఏ వాళ్లది, ప్రవేశం ఉచితం.

శరత్_వి

ఇన్ని మంచి జవాబులు వచ్చాక నా పోస్టు డబ్బా కథ పూర్తిగా చెప్పకపోతే బాగుండదు.

ఏమ్స్ 1985 ఏప్రిల్‌లో తనంతట తానే సోవియట్ ఎంబసీ గడప తొక్కాడు. ఆ వేసవిలోనే సీఐఏ, ఎఫ్‌బీఐల కోసం సోవియట్‌లో పనిచేస్తున్న దాదాపు అందరి పేర్లూ ఇచ్చేశాడు. తర్వాత నెలల్లో వాళ్లు ఒక్కొక్కరే మాయమయ్యారు. వాళ్లలో జనరల్ దిమిత్రీ పొల్యకోవ్ ఒకడు, దాదాపు పాతికేళ్లు అమెరికాకు సమాచారం ఇచ్చినవాడు, 1988లో మరణశిక్ష అమలైంది. అతణ్ణి ఎఫ్‌బీఐలోని రాబర్ట్ హాన్సెన్ అంతకుముందే అమ్మేశాడు కూడా. ఏమ్స్ మాత్రం జీతానికి మించి ఖర్చుపెడుతూ, 5,40,000 డాలర్లు నగదు పెట్టి ఇల్లు కొని, జాగ్వార్ కారులో ఆఫీసుకు వచ్చేవాడు. అబద్ధాలు పట్టే పాలిగ్రాఫ్ పరీక్ష 1986లో ఒకసారి, 1991లో ఒకసారి దాటేశాడు.

పట్టుకున్నది సీఐఏలోని చిన్న బృందం. జీన్ వెర్టెఫాయ్, శాండ్రా గ్రైమ్స్ అందులో ముఖ్యులు. గ్రైమ్స్ ఏమ్స్ దినచర్యను తేదీలవారీగా రాసుకుంటూ పోయింది. సోవియట్ దౌత్యవేత్త చువాఖిన్‌తో అతను అధికారికంగానే భోజనాలకు కలిసేవాడు. 1985 మే 17న భోజనం, మే 18న బ్యాంకులో 9,000 డాలర్లు. జులై 2న భోజనం, జులై 5న 5,000. జులై 31న భోజనం, అదే రోజు 8,500. మూడో జత చూడగానే ఆమెకు అనుమానం తీరిపోయింది. ఆ తర్వాత ఎఫ్‌బీఐ నెలలతరబడి కాపు కాసి 1994 ఫిబ్రవరి 21న అరెస్టు చేసింది. తొమ్మిదేళ్లు పట్టింది.

లోపలి మనిషి మీద అనుమానం రావడానికే మనసొప్పని సంస్థలో, ఇద్దరు ఆడవాళ్లు బ్యాంకు కాగితాలను డైరీ పక్కన పెట్టి చూడటం నా దృష్టిలో ఆ భవనంలోని ఏ పరికరం కంటే గొప్పది. దాన్ని అద్దాల పెట్టెలో పెట్టలేరు. అందుకే ఆ డబ్బా ముందు ఆగమంటున్నా.

నీలిమ_పి

చదువుతుంటే ఈ తేదీల జతలు మావాడికి ఒక కాగితం మీద రాసిచ్చి, ఏం కనబడుతోందో నువ్వే చెప్పు అనాలనిపిస్తోంది. ఒక సందేహం. స్పై మ్యూజియం, మీటనొక్కు గారు చెప్పిన క్రిప్టాలజిక్ మ్యూజియం ఒకే రోజు పెట్టుకోవచ్చా?

మీటనొక్కు

వద్దండీ, పిల్లలు అలిసిపోతారు. స్పై మ్యూజియం లాన్‌ఫాంట్ ప్లాజా మెట్రో స్టేషన్ దగ్గరే, నడిచి వెళ్లిపోవచ్చు. క్రిప్టాలజిక్ మ్యూజియం ఫోర్ట్ మీడ్ పక్కన ఉంది, కారు కావాలి. ఎన్‌ఎస్‌ఏ ప్రాంగణం ఆనుకునే ఉంటుంది కాబట్టి దారి బోర్డులు చూసుకుని మలుపు తీసుకోండి. వారంలో ఏ రోజుల్లో తెరుస్తారో ముందే వాళ్ల సైట్‌లో చూడండి, అన్ని రోజులూ ఉండదు. అమెరికా నౌకాదళం వాడిన అసలు బాంబ్ యంత్రం అక్కడే ఉంది, మనిషి కంటే ఎత్తు. మీవాడికి ఎనిగ్మా ముందు చూపించి, ఆ తర్వాత బాంబ్ దగ్గరికి తీసుకెళ్లండి.